స్మార్ట్‌ఫోన్ అంటే ఏమిటి, పిల్లల చేతికి ఎప్పుడివ్వాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

బడిలో పేరెంట్స్ మీటింగ్ అయ్యాక గేటు దగ్గర నిలబడి అమ్మానాన్నలు అడిగే ప్రశ్నలివి. సగం ఫోన్ గురించి, సగం పిల్లల గురించి. రెండిటినీ కలిపే చెప్తున్నాను. ఫోన్ ఎలా పనిచేస్తుందో అర్థమైతే, పిల్లలకి ఇవ్వాలా వద్దా అన్నది చాలావరకు దానంతటదే తేలుతుంది.

టచ్ స్క్రీన్ ఉంటే స్మార్ట్‌ఫోనేనా?

కాదు. పదిహేనేళ్ల కింద రెండు సిమ్ములు, వీధంతా వినబడే స్పీకరు, టచ్ స్క్రీన్‌తో చౌక ఫోన్లు వచ్చేవి గుర్తున్నాయా? వేలితో నొక్కితే పనిచేసేవి కానీ వాటిలో చాలావరకు స్మార్ట్‌ఫోన్లు కావు. అటు ఒళ్లంతా బటన్లున్న బ్లాక్‌బెర్రీ మాత్రం స్మార్ట్‌ఫోనే.

తేడా లోపలుంది. 2003లో వచ్చిన నోకియా 1100ని తీసుకోండి. టార్చి, అలారం, పాము ఆట. కొన్న రోజు ఏం చేసేదో, కీప్యాడ్ అరిగి అంకెలు కనబడని రోజున కూడా అంతే చేసేది. స్మార్ట్‌ఫోన్‌కి ఆండ్రాయిడో, ఐఓఎస్సో ఒక ఆపరేటింగ్ సిస్టమ్, అంటే ఫోన్‌ని నడిపే మూల సాఫ్ట్‌వేర్, ఉంటుంది. ఫోన్ చేసిన కంపెనీతో ఏ సంబంధమూ లేనివాళ్లు ఎక్కడో కూర్చుని రాసిన ప్రోగ్రాం (యాప్) దాని మీద నడుస్తుంది. నెట్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి ఆ ప్రోగ్రాం రాత్రికి రాత్రి మారిపోగలదు, మీ దగ్గరున్న సమాచారాన్ని వాళ్లకి పంపగలదు, వాళ్ల దగ్గరున్నది మీకు చూపించగలదు.

నన్నడిగితే అసలు లక్షణం ఇదే: మీరు డబ్బులిచ్చి కొని ఇంటికి తెచ్చుకున్నాక కూడా బయటివాళ్లు మార్చగలిగే ఫోన్. పిల్లల విషయంలో వచ్చే పేచీలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు, ర్యామ్ ఎంత అన్నవి షాపువాడి లెక్కలు.

మొట్టమొదటి స్మార్ట్‌ఫోన్ ఐఫోన్ కదా?

చాలామంది అలాగే అనుకుంటారు. అంతకు పదమూడేళ్ల ముందే, 1994 ఆగస్టులో, అమెరికాలో ఐబీఎం సైమన్ అనే ఫోన్ అమ్మకానికొచ్చింది. అర కిలో బరువు. టచ్ స్క్రీన్, ఈమెయిల్, ఫ్యాక్స్, క్యాలెండర్ అన్నీ ఉండేవి. మాట్లాడితే గంటకే బ్యాటరీ అయిపోయేది. సుమారు 50 వేలు అమ్ముడై ఆగిపోయింది. తర్వాత నోకియా కమ్యూనికేటర్, బ్లాక్‌బెర్రీ, సింబియన్ ఫోన్లు వచ్చాయి.

ఐఫోన్ 2007 జూన్‌లో వచ్చింది. మొదటి ఏడాది అందులో ఆపిల్ పెట్టిన యాప్‌లే తప్ప ఇంకేవీ వేసుకునే వీలు లేదు. 2008 జూలైలో యాప్ స్టోర్ తెరిచారు. అదే ఏడాది ఆండ్రాయిడ్ తొలి ఫోన్, హెచ్‌టీసీ డ్రీమ్, మార్కెట్లోకొచ్చింది. ఇప్పుడు మనం వాడుతున్న రకం ఫోన్ పుట్టింది ఆ ఏడాదేనని నా అభిప్రాయం.

మన ఇళ్లలోకి అది నిజంగా దిగింది మాత్రం 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌకయ్యాక. పిల్లల చేతుల్లోకి వెళ్లింది 2020లో బడులు మూతపడ్డాక. అంతకుముందు ‘ఫోన్ ఇవ్వాలా?’ అన్న ప్రశ్నే ఉండేది కాదు. నెలకి ఒక జీబీ వేయించుకుని, దాన్ని నాన్నే పొదుపుగా వాడుకునేవాడు.

మరి జియోఫోన్ ఏ కోవలోకి వస్తుంది? దానికి బటన్లే కదా?

మధ్యలో ఉంటుంది. 2017లో వచ్చిన జియోఫోన్‌లో కైఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. 2018లో దాని మీదకి వాట్సాప్, యూట్యూబ్ వచ్చాయి. అంటే పైన చెప్పిన లెక్క ప్రకారం అది కొంతవరకు స్మార్టే. ‘మా అమ్మాయికి బటన్ ఫోనే కొనిచ్చాం’ అని నిశ్చింతగా ఉండే ముందు ఆ బటన్ ఫోన్‌లో యూట్యూబ్ ఉందో లేదో ఒకసారి చూడండి.

పూర్తిగా మామూలు ఫోన్‌తో కూడా ఇప్పుడు డబ్బు పంపొచ్చు. 2022 మార్చిలో రిజర్వ్ బ్యాంక్ యూపీఐ 123పే ప్రారంభించింది, నెట్ లేకుండా పనిచేస్తుంది. అందుకని ‘బటన్ ఫోన్ అయితే ఎందుకూ పనికిరాదు’ అన్న వాదనలో పస తగ్గింది.

ఫోన్‌కి మనం ఎక్కడున్నామో, ఏం చేస్తున్నామో ఎలా తెలుస్తుంది?

సెన్సర్ల వల్ల. కాల్ వచ్చి చెవి దగ్గర పెట్టుకోగానే స్క్రీన్ ఆరిపోతుంది చూడండి, అది ప్రాక్సిమిటీ సెన్సర్ పని. అడ్డం తిప్పితే వీడియో అడ్డంగా తిరిగేది యాక్సిలరోమీటర్ వల్ల. ఎండలోకి వెళ్తే వెలుగు పెరిగేది లైట్ సెన్సర్ వల్ల. జీపీఎస్ ఉపగ్రహాల నుంచి మీ చోటు కనుక్కుంటుంది. పక్కన ఏ వైఫైలున్నాయో చూసి కూడా ఇంచుమించు చెప్పేస్తుంది.

ఇవన్నీ చెడ్డవి కావు. ఏ యాప్‌కి ఏ సెన్సర్ ఇచ్చారన్నదే ముఖ్యం. రంగులు నింపే ఆటకి కాంటాక్టులెందుకు? సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్ తెరిచి, ‘లొకేషన్’, ‘మైక్రోఫోన్’, ‘కాంటాక్ట్స్’ అన్న మూడింటి కింద ఏ యాప్‌లున్నాయో చదవండి. అయిదు నిమిషాల పని. ‘దీనికి ఇదెందుకు?’ అని మీకే అనుమానమొచ్చేవి కొన్నైనా దొరుకుతాయి.

మిక్సీ గురించి మాట్లాడుకుంటే వెంటనే మిక్సీ ప్రకటన వచ్చింది. మన మాటలు వింటోందా?

2018లో అమెరికాలోని నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. చాటుగా మాటలు రికార్డు చేసి పంపుతున్న యాప్ వాళ్లకి ఒక్కటీ దొరకలేదు. కొన్ని యాప్‌లు మాత్రం తమ స్క్రీన్ల మీద మనం చేసేది వీడియోగా తీసి వేరే కంపెనీలకి పంపుతున్నట్టు బయటపడింది. దీన్ని ఎవరూ అనుమానించనే లేదు.

మాటలు వినక్కర్లేకుండానే ప్రకటన వస్తుంది. మీరు వెతకలేదు సరే, అదే వైఫై మీద మీ ఆవిడ వెతికి ఉండొచ్చు. మొన్న ఎలక్ట్రానిక్స్ షాపులో అరగంట నిలబడ్డారని లొకేషన్ చెప్పి ఉండొచ్చు.

రీల్స్ మొదలుపెడితే మా వాడు వదలడు. వాడిదే తప్పా?

వాడిది కొంతే. వెనక ఉన్న ఏర్పాటు చూడండి. పూర్వం వెబ్ పేజీకి అడుగు ఉండేది, అక్కడ ఆగి ‘తర్వాతి పేజీ’ నొక్కాలి. 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనర్ ఆ ఆగడం లేకుండా కిందకి జరుపుతున్నకొద్దీ వస్తూనే ఉండే పద్ధతి కనిపెట్టాడు. తర్వాత తనే దాని గురించి బహిరంగంగా బాధపడ్డాడు. దానికి ఆటోప్లే తోడైంది. ఏ వీడియో దగ్గర ఎన్ని సెకన్లు ఆగారో కొలిచి అలాంటివే ఇంకా తెచ్చి పెట్టే లెక్క తోడైంది. నలభై ఏళ్లవాళ్లం మనమే బాత్రూంలో అరగంట కూర్చుంటున్నాం. పన్నెండేళ్లవాడికి బుద్ధి లేదని తిట్టి లాభమేముంది?

పనికొచ్చే చిట్కా ఒకటుంది. యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీని ఆపేసి, ఉన్నదాన్ని తుడిచేయండి. 2023 నుంచి ఇలా చేస్తే హోం పేజీ దాదాపు ఖాళీగా కనిపిస్తుంది. ఏం కావాలో తెలిసి వెతికితేనే వీడియో వస్తుంది. మొదటి రెండు రోజులు గొడవ చేస్తారు. తర్వాత యూట్యూబ్ తెరిచి, ఏం వెతకాలో తోచక మూసేస్తారు.

ఫోన్ పెట్టకపోతే మా పాప అన్నం తినట్లేదు. ఏం చేయాలి?

ఇది అడగని ఇల్లు లేదు. పాప వయసు ఒకటిన్నర, చేతిలో స్టాండు మీద ఫోను, అందులో బొమ్మల పాట, నోట్లో ముద్ద. పాట అయిపోగానే నోరు మూసుకుంటుంది. అమ్మమ్మ ‘పెట్టవే, ఏం పోయింది, నాలుగు ముద్దలు ఎక్కువ తింటుంది’ అంటుంది.

నాలుగు ముద్దలు ఎక్కువ తినే మాట నిజమే, చిక్కంతా అక్కడే. కడుపు నిండిందని తనకి తెలియకుండానే తింటోంది. ఆకలి, చాలు అనడం, రుచి, అమ్మ ముఖం చూడడం, ‘ఇది పప్పు, ఇది నెయ్యి’ అన్న మాటలు వినడం అన్నీ ఆ అరగంటలో నేర్చుకోవాల్సినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాలు రెండేళ్ల లోపు పిల్లలకి స్క్రీన్ వద్దంటాయి. రెండేళ్లు దాటాక నాలుగేళ్ల వరకు రోజుకి గంట మించకూడదు. మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, కూడా రెండేళ్ల లోపు వద్దంది. అయిదు నుంచి పదేళ్లవాళ్లకి రెండు గంటల లోపు. అదీ చదువు, ఆట, నిద్ర, తిండి దెబ్బతినకుండా ఉంటేనే.

మాన్పించాలంటే ఒక్కసారిగా మానేయడమే మేలు. రోజుకి అయిదు నిమిషాలు తగ్గిస్తామంటే ఆ అయిదు నిమిషాల కోసమే రోజూ యుద్ధం. రెండు మూడు పూటలు తక్కువ తింటుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్ల ఆకలేసి తింటుంది. ముందు ఇంట్లో పెద్దలందరినీ ఒక మాట మీదకి తేవాలి, తాతయ్య చాటుగా జేబులోంచి ఫోన్ తీస్తే మళ్లీ మొదటికే. బరువు తగ్గుతోందనిపిస్తే మాత్రం డాక్టరుకి చూపించండి.

అమెరికాలో ఉన్న మనవడితో వీడియో కాల్ కూడా తప్పేనా?

కాదు. పిల్లల డాక్టర్ల మార్గదర్శకాలు కూడా బంధువులతో వీడియో కాల్‌కి మినహాయింపు ఇచ్చాయి. అవతల తాతయ్య పిలుస్తాడు, వీడు పలుకుతాడు, ఆయన నవ్వుతాడు. రికార్డు చేసిన వీడియో వీడి మాటకి బదులివ్వదు. శనివారం రాత్రి డాలస్ నుంచి వచ్చే ఆ కాల్‌ని స్క్రీన్ టైంలో కలపకండి.

సొంత ఫోన్ ఎన్నో ఏట ఇవ్వాలి?

నా సమాధానం: పదో తరగతి పరీక్షలు అయ్యాక. అంతకుముందు వాడుకోనివ్వండి, సొంతం చేయకండి. ఈ రెండిటి మధ్య తేడా చాలామంది పట్టించుకోరు.

వాడుకోవడం అంటే ఇంటి ఫోన్. హాల్లో ఛార్జింగ్ ఉంటుంది, లాక్ పెద్దవాళ్లకి తెలుసు, పని అయ్యాక తిరిగి అక్కడే పెడతారు. సొంతం అంటే పడకగదిలోకి వెళ్తుంది, దిండు కింద పడుకుంటుంది, నోటిఫికేషన్ వాడి పేరు మీద వస్తుంది. మొదటి రకంలో ఏడో తరగతి పిల్లాడు లెక్కల వీడియో చూసినా నాకేం ఇబ్బంది లేదు. రెండో రకంలో, కొన్నాక కూడా బయటివాళ్లు మార్చగలిగే వస్తువుని, ఆ బయటివాళ్లెవరో తెలియని వయసులో, ఒంటరిగా ఇస్తున్నాం.

ఫోన్ వల్లే పిల్లల మానసిక ఆరోగ్యం చెడుతోందా, ఎంతవరకు చెడుతోంది అన్న దాని మీద పరిశోధకుల్లోనే ఏకాభిప్రాయం లేదు. కాబట్టి మెదడు పాడైపోతుందని నేను భయపెట్టను. నిద్ర మాత్రం కళ్లముందే తెలిసిపోతుంది: రాత్రి పదకొండింటికి గది తలుపు కింద నీలం వెలుగు, పొద్దున ఏడింటికి లేవలేక ఏడుపు. ఏ వయసుకిచ్చినా రాత్రి ఫోన్ పడకగదిలో ఉండకూడదు. అలారం కావాలంటే టైంపీసు కొనండి.

వయసుతో పాటు ఇంకోటీ చూడాలి. తప్పు జరిగితే మీ దగ్గరికొచ్చి చెప్పే పిల్లా? పాడైన ప్రోగ్రెస్ కార్డు దాచే పిల్ల ఫోన్‌లో వచ్చిన బెదిరింపు కూడా దాస్తుంది.

క్లాసులో అందరికీ ఉంది, నాకే లేదు అని ఏడుస్తోంది.

‘అందరికీ’ అంటే ఎవరెవరికో పేర్లడగండి. సాధారణంగా నాలుగైదు పేర్లొస్తాయి. ఆ నాలుగు ఇళ్లలోనూ ‘అందరికీ ఉంది’ అన్న ఇదే మాట విని కొనిచ్చి ఉంటారు.

అందుకే ఇది ఒక్క ఇల్లు తేల్చుకునేది కాదు. అమెరికాలో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో 2017లో ‘వెయిట్ అంటిల్ ఎయిత్’ అని తల్లిదండ్రులు ఒక ఒప్పందం మొదలుపెట్టారు. ఎనిమిదో తరగతి అయ్యేదాకా స్మార్ట్‌ఫోన్ ఇవ్వం అని సంతకం చేస్తారు. ఒక బడిలో ఒక తరగతి నుంచి పది కుటుంబాలు చేరితేనే అది అమల్లోకొస్తుంది. 2023లో ఐర్లండ్‌లో గ్రేస్టోన్స్ అనే చిన్న ఊళ్లో ప్రాథమిక బడుల తల్లిదండ్రుల సంఘాలు కలిసి ఇలాగే కట్టుబాటు చేసుకున్నాయి. మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగులు పంపే బదులు ఈ మాట ఒకసారి కదపొచ్చు. అయిదు ఇళ్లు కలిసినా మీ అమ్మాయి ఒంటరి కాదు.

హోంవర్కే వాట్సాప్‌లో పంపుతున్నారు. ఫోన్ లేకుండా చదువెలా?

హోంవర్క్ మీ నంబరుకి వస్తుంది కదా. మీరు చదివి చెప్పండి, లేదా పుస్తకంలో రాయించండి. తొమ్మిదింటిదాకా డ్యూటీలో ఉండే తల్లిదండ్రులకి ఇది కష్టమే. అలాంటప్పుడు డైరీలో రాయించమని బడిని అడగడం మీ హక్కు.

2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో టీవీ మీదే పాఠాలు చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి చానల్లో చెప్పారు. 2022 డిసెంబరులో అక్కడ ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకి పాఠాలు నింపిన ట్యాబులు పంచారు. తెర మీద చదువు కుదరదని నేననను. కానీ ట్యాబు వేరు, పాఠాలు తప్ప ఇంకేవీ తెరవకుండా తాళం వేసిన ట్యాబు వేరు. పిల్లలు ముందుగా కనిపెట్టేది ఆ తాళం తీయడమెలాగోనే.

పిల్లల చదువు మీద జరిగే అసర్ సర్వే 2024లో గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లలని అడిగింది. 82 శాతం పైగా పిల్లలకి స్మార్ట్‌ఫోన్ వాడడం వచ్చు. వాళ్లలో అంతకుముందు వారంలో చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవాళ్లు 76 శాతం. చదువుకోసమని కొంటాం. రెండో అంకె మీద కూడా ఓ కన్నేసి ఉంచాలి.

అబ్బాయికి కొనిచ్చాం, అమ్మాయికి పెళ్లయ్యాక చూద్దామంటున్నారు మావాళ్లు.

ఇది ఫోన్ సమస్య కాదు. అదే సర్వేలో ఫోన్ సొంతంగా ఉన్న పిల్లల్లో అబ్బాయిలే ఎక్కువ. అమ్మాయికి ప్రమాదం అనే మాట వెనక్కి తిప్పి చూడండి: ఫోన్లలో అమ్మాయిలని వేధిస్తున్నదెవరు? అబ్బాయిలకి హద్దుల్లేకుండా ఇవ్వడం వల్లే కదా సగం గొడవ. నియమమేదైనా ఇద్దరికీ ఒకటే ఉండాలి. ఊరు దాటి బస్సెక్కి కాలేజీకి వెళ్లే అమ్మాయికి ఫోన్ అవసరం ఇంకా ఎక్కువ, కనీసం మాట్లాడే ఫోనైనా.

ఇంటర్‌కి హాస్టల్లో వేస్తున్నాం. ఏ ఫోన్ ఇవ్వాలి?

మన కార్పొరేట్ కాలేజీ హాస్టళ్లు చాలావరకు ఫోన్ రానివ్వవు. వారానికోసారి వరసలో నిలబడి ఇంటికి మాట్లాడాల్సిందే, వెనక పదిమంది నిలబడి ఉంటే పిల్ల మనసులో మాట చెప్పలేదు. రానిచ్చే చోటైతే కెమెరా, యూట్యూబ్ లేని మామూలు బటన్ ఫోన్ చాలు. రెండు వేల లోపే దొరుకుతుంది, ఛార్జింగ్ రోజులు వస్తుంది. దొంగచాటుగా స్మార్ట్‌ఫోన్ పంపే తల్లిదండ్రులున్నారు. నిబంధన మీరే పక్కకి నెట్టి, రేపు మీ నిబంధన వినమంటే వినరు.

ఇవ్వాల్సి వస్తే ముందుగా ఏం సెట్ చేయాలి?

ఇక్కడ జరిగే పొరపాటు చాలా ఇళ్లలో ఒక్కటే: పిల్లాడి ఫోన్‌లో నాన్న జీమెయిల్ పెట్టి లాగిన్ చేస్తారు. అప్పుడు గూగుల్‌కి కనిపించేది పదకొండేళ్ల కుర్రాడు కాదు, నలభై రెండేళ్ల మగమనిషి. యూట్యూబ్ ఆ వయసుకి తగ్గవే చూపిస్తుంది. నాన్న ఫోటోలు వాడి ఫోన్‌లోకి వస్తాయి. వాడు వెతికినవి నాన్న ఆఫీసు లాప్‌టాప్‌లో కనిపిస్తాయి. పిల్లల నియంత్రణలేవీ పనిచేయవు.

సరైన దారి ఇది. మీ ఫోన్‌లో ఫ్యామిలీ లింక్ అనే గూగుల్ యాప్ వేసుకుని, అసలు పుట్టినతేదీతో పిల్లాడికి వేరే గూగుల్ ఖాతా తెరవండి. వాడి ఫోన్‌లో ఆ ఖాతాతోనే లాగిన్ అవ్వండి. ఇక వాడు ఏ యాప్ వేసుకోవాలన్నా మీ ఫోన్‌కి అనుమతి అడుగుతూ కబురొస్తుంది. రోజుకెంతసేపు, రాత్రి ఎన్నింటికి లాక్ అవ్వాలి, ఏ యాప్‌కి ఎన్ని నిమిషాలు అన్నవి మీ చేతిలో ఉంటాయి. ఐఫోన్‌లో ఇదే పని ‘స్క్రీన్ టైం’ అనే సెట్టింగ్ చేస్తుంది. దానికి పెట్టే పాస్‌కోడ్ మీ ఫోన్ పాస్‌కోడ్ కాకూడదు, అది వాళ్లకి ఎప్పుడో తెలుసు.

మీ ఫోన్‌నే కాసేపు ఇస్తుంటే ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ పిన్నింగ్, ఐఫోన్‌లో గైడెడ్ యాక్సెస్ ఆన్ చేసి ఇవ్వండి. ఉన్న యాప్‌లోంచి బయటికి రాలేరు, మీ ఆఫీసు గ్రూపుకి ఏనుగు స్టిక్కర్లు పోవు.

వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌కి వయసు నియమం ఉందా?

రెండిటికీ 13 ఏళ్లు. పుట్టిన సంవత్సరం మార్చి కొట్టేవాళ్లే ఎక్కువ, చాలాసార్లు పక్కన కూర్చుని కొట్టించేది మనమే. మన దేశంలో 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలని, వాళ్ల వెంటపడి గమనిస్తూ ప్రకటనలు వేయకూడదని అందులో ఉంది. ఆస్ట్రేలియా ఇంకా ముందుకెళ్లి 16 ఏళ్ల లోపు పిల్లలకి సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని 2024లో చట్టం చేసింది, 2025 డిసెంబర్ 10 నుంచి అమలు. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో ఉన్న మన తెలుగు పిల్లలకీ అదే వర్తిస్తుంది.

సిమ్ సంగతి కూడా గుర్తుంచుకోండి. 18 నిండనివాళ్లకి సిమ్ అమ్మకూడదు. అంటే వాడి చేతిలో ఉన్నది మీ పేరు మీదున్న సిమ్. దాంతో ఏం చేసినా ముందు మీ తలుపే తడతారు.

ఆటలో డబ్బులు పోయాయి. యూపీఐ పిన్ వాడికి తెలియదే?

తెలుసు. మీరు కిరాణా కొట్లో నొక్కుతుంటే పక్కన నిలబడి చూశాడు. పైగా యూపీఐ లైట్‌లో చిన్న మొత్తాలకి పిన్ అడగదు. ప్లే స్టోర్‌లో కార్డు దాచి ఉంటే, కొనుగోలుకి ప్రతిసారీ పాస్‌వర్డ్ అడగాలన్న సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. పిల్లల చేతికి వెళ్లే ఫోన్‌లో డబ్బు యాప్ ఉండకపోవడమే అన్నిటికన్నా తేలిక. ఆట పేరు మీద తెలియకుండా జరిగిన కొనుగోలుకి ప్లే స్టోర్‌లోనే రిఫండ్ అడగొచ్చు, ఆలస్యం చేస్తే రాదు.

డబ్బు పెట్టి ఆడే ఆటలు వేరే సంగతి. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ కలిపి చట్టం చేసింది. ఆటలో తుపాకీకి రంగులు, బట్టలు కొనుక్కోవడం మాత్రం ఈ నిషేధం కిందకి రాదు, పిల్లలు ఎక్కువగా ఖర్చు పెట్టేది వాటికే.

కళ్లు పోతాయా? రేడియేషన్ మాటేమిటి?

కళ్లు పోవు కానీ అద్దాలు త్వరగా రావొచ్చు. దగ్గరగా పెట్టుకుని గంటలకొద్దీ చూడడం, ఎండ వెలుగులో గడపకపోవడం కలిసి హ్రస్వదృష్టిని (దూరంవి మసకగా కనబడడం) పెంచుతాయి. తైవాన్ 2010 నుంచి బడిపిల్లలని రోజుకి రెండు గంటలు ఆరుబయట ఉంచే కార్యక్రమం పెట్టి ఫలితం చూసింది. సాయంత్రం ఆటకి పంపడమే మందు.

రేడియేషన్ గురించి నేను పెద్దగా బెంగపడను. మన దేశంలో అమ్మే ఫోన్‌కి సార్ విలువ, అంటే ఒళ్లు పీల్చుకునే రేడియేషన్ కొలత, కిలోకి 1.6 వాట్లు మించకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్ష 2024లో వచ్చింది, ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కీ సంబంధం కనబడలేదని తేల్చింది. చూడాలనుంటే *#07# నొక్కితే మీ ఫోన్ సార్ విలువ చూపిస్తుంది.

వాళ్ల ఫోన్ మనం చూడొచ్చా? నమ్మకం పోదా?

చాటుగా చూస్తే పోతుంది. ఇచ్చే రోజే ‘అప్పుడప్పుడూ చూస్తాం, నువ్వు పక్కనుండగానే చూస్తాం’ అని చెప్పి ఇవ్వండి. చాట్‌లన్నీ చదవక్కర్లేదు. ఎవరెవరు మాట్లాడుతున్నారు, తెలియనివాళ్లున్నారా అన్నది చూస్తే చాలు. ఇంటర్‌కి వచ్చాక అదీ తగ్గించాలి.

ఫోటో పెట్టి ఎవరో బెదిరిస్తున్నారట. ఏం చేయాలి?

ముందు పిల్లని తిట్టకండి, ఫోన్ లాక్కోకండి. డబ్బు పంపొద్దు, చాట్ చెరపొద్దు. అదే సాక్ష్యం. స్క్రీన్‌షాట్లు తీసి, ఖాతా పేరు, నంబరు రాసుకుని 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైం పోర్టల్‌లోనూ ఫిర్యాదు ఇవ్వొచ్చు. పిల్లలకి సహాయం కోసం 1098 ఉంది, పిల్లే స్వయంగా చేయొచ్చు. 18 ఏళ్ల లోపు వారి అభ్యంతరకరమైన ఫోటోలైతే ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. ఫోటోని ఎవరికీ పంపక్కర్లేదు. మీ ఫోన్‌లోనే దాని డిజిటల్ గుర్తు తయారై, ఆ గుర్తు మాత్రమే ఈ సేవలో చేరిన కంపెనీలకి వెళ్తుంది. దాన్ని పట్టుకుని, ఆ ఫోటో తమ వేదికల మీద ఉంటే వాళ్లు తీసేస్తారు. అలాంటి ఫోటో ‘సాక్ష్యం’ పేరుతో బంధువులకి ఫార్వర్డ్ చేయడం కూడా పోక్సో చట్టం కింద నేరమే, ఎంత దగ్గరివాళ్లకైనా.

నా పాత ఫోన్ ఇచ్చేద్దామనుకుంటున్నాను. సరిపోతుందా?

సరిపోతుంది, రెండు పనులు చేశాక. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి మీ ఖాతాలన్నీ పోయాయని చూసుకోండి. బ్యాంకు యాప్ తీసేస్తే చాలదు, ఓటీపీలొచ్చే సిమ్ కూడా మార్చాలి. తర్వాత సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ ఏ తేదీదో చూడండి. రెండు మూడేళ్ల కిందటిదైతే కంపెనీ దాన్ని వదిలేసినట్టే, అలాంటి ఫోన్‌లో నెట్ వాడనివ్వకుండా పాటలకీ, కాల్స్‌కీ ఉంచడం మంచిది. ఇచ్చే ముందు *#06# నొక్కి వచ్చే ఐఎంఈఐ నంబరు మీ డైరీలో రాసుకోండి. పిల్లలు బస్సులో పారేసుకుంటే సంచార్ సాథీ పోర్టల్‌లో ఆ నంబరు ఇచ్చి ఫోన్‌ని ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయకుండా ఆపించొచ్చు. పోలీసు ఫిర్యాదు కాపీ కూడా అడుగుతారు.